లోహం మీద రంగు: ఆవరణమా, సంస్కారమా

లోహపు వస్తువుకు రంగు వేయడంలో రెండు పనులు కలిసి ఉంటాయి. మొదటిది తీసివేత: తుప్పు, చిలుము, జిడ్డు, పాత రంగు పెచ్చులు పోవాలి. రెండోది చేర్పు: ప్రైమరు, దాని మీద రంగు, ఆ రంగు మీద ముగ్గో లతో పువ్వో రావాలి. అటక మీది ట్రంకు పెట్టెనో, తులసి మొక్క నాటిన నూనె డబ్బానో ఇంట్లో తీర్చిదిద్దుకునేవారికి ఇవి ఒకే పనిలో ముందూ వెనకా వచ్చే మెట్లు. భారతీయ దర్శనాలు మాత్రం వీటిని విడదీసి చూశాయి. ఒక ద్రవ్యాన్ని క్రతువుకు యోగ్యంగా చేసే కర్మను మీమాంసకులు సంస్కారం అన్నారు. ఉన్న దోషాన్ని తీసివేసినా సంస్కారమే, లేని గుణాన్ని చేర్చినా సంస్కారమే. దోషాపనయనం, గుణాధానం అని వాటికి పేర్లు. యాగానికి తెచ్చిన వడ్లను దంచి పొట్టు తీయడం మొదటి తరహా పని. అవే వడ్ల మీద మంత్రపూర్వకంగా నీళ్లు చిలకరించడం రెండో తరహా పని.

ఈ విభజన దగ్గరే ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. తోమితే బయటపడే మెరుపు లోహానికి సొంతం. పూస్తే కనబడే రంగు బయటి నుంచి వచ్చినది. అలాంటప్పుడు రంగు వేసిన లోహం తన నిజాన్ని కప్పుకున్నట్టా, తనకు తగిన నిండుదనాన్ని పొందినట్టా? అలంకారమంతా అవిద్యే అనేవారికీ, అలంకారం లేనిదే ఆరాధన లేదనేవారికీ మధ్య చాలాకాలంగా సాగుతున్న వాదం ఇదే. దీని జాడలు శాస్త్రగ్రంథాల్లో ఎన్ని ఉన్నాయో, గరుకు కాగితం పట్టిన చేతికి తెలిసే సంగతుల్లోనూ అన్నే ఉన్నాయి.

ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో, తేమతో కలిసి తుప్పవుతుంది. ఆ తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఉబ్బి, పొరలుగా లేచి రాలుతుంది. రాలిన చోట కొత్త ఇనుము బయటపడి అదీ తుప్పు పడుతుంది. అలాంటి పెట్టె మీద నేరుగా రంగు పూస్తే ఆ రంగు పట్టుకునేది ఇనుమును కాదు, రాలడానికి సిద్ధంగా ఉన్న తుప్పును. కొన్నాళ్లకు పూత కింద తేమ చేరి బొబ్బలు లేస్తాయి. తుప్పు పోతూ పోతూ రంగునూ ఊడదీసుకుపోతుంది. ధమ్మపదంలోని మలవర్గం ఈ సంగతినే నీతికి ఆధారం చేసుకుంది: ఇనుములో పుట్టిన తుప్పు ఆ ఇనుమునే తిన్నట్టు, మనిషి చేసిన కర్మలే అతణ్ని దుర్గతికి ఈడుస్తాయని. దానికి సరిగ్గా ముందున్న గాథ వెండిలోని మలినాన్ని కొద్దికొద్దిగా, క్షణక్షణమూ తొలగించే కంసాలిని వివేకికి నమూనాగా చూపుతుంది. జబ్బు లోపలిదేననీ, చికిత్స నిదానమైనదనీ చెప్పే గాథలు పక్కపక్కనే ఉండటం చాలా సమంజసం.

ఆ నిదానం ఇంటి పనిలోనూ తప్పదు. ముందుగా సబ్బు నీళ్లతో జిడ్డు వదిలించాలి. జిడ్డు ఉండగానే గరుకు కాగితం పడితే అది గీతల్లోకి దిగి మరింత పట్టుకుంటుంది. వైర్ బ్రష్షుతో లేచిన తుప్పును రాల్చి, 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120 మీదుగా 220 దాకా రావాలి. టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరగానే అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వేయాలి. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో శుభ్రం చేసిన ఇనుమును ఊరికే వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబారుతుంది. పాత రంగును పొడిగా గీకకూడదు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని 90 పిపిఎంకు పరిమితం చేస్తూ భారత ప్రభుత్వం 2016లో నిబంధనలు తెచ్చింది. అవి 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. అంతకు ముందు రంగు వేసిన పెట్టెలో సీసం ఉండే అవకాశం ఉంది గనుక తడిపి రుద్దాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి, పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

ఈ రుద్దుడులో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. అద్దంలా నున్నగా ఉన్న లోహం మీద రంగు నిలవదు. గరుకు కాగితం మురికిని తీయడంతో ఆగకుండా సన్నటి గీతలు కూడా పెడుతుంది. రంగుకు పట్టు దొరికేది ఆ గీతల్లోనే. అంటే తీసివేత వస్తువును పాత స్థితికి తెస్తుంది, పైగా కొత్తదాన్ని అందుకునే యోగ్యతనూ ఇస్తుంది. వేదాంతులు కర్మకు ఇచ్చిన స్థానం సరిగ్గా ఇలాంటిదే. నిష్కామ కర్మ జ్ఞానాన్ని పుట్టించదు; చిత్తాన్ని శుద్ధి చేసి జ్ఞానం నిలిచే యోగ్యతను కలిగిస్తుంది.

అన్ని లోహాలకూ ఒకే శుద్ధి పనికిరాదు. రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరం, సీసం అని లోహాలను లెక్కపెట్టి, వాటిని క్షారంతోనో ఆమ్లంతోనో నీటితోనో దేనికి తగినట్టు దాన్ని శుద్ధి చేయాలని మనుస్మృతి అయిదో అధ్యాయం చెబుతుంది. తెలుగిళ్లలో ఇత్తడి బిందెకు చింతపండు, కంచానికి బూడిద వాడటం ఈ వివేకమే. రంగు పనిలో ఇది మరీ ముఖ్యం. జింకు పూత ఉన్న రేకు మీద మామూలు ఆయిల్ ఎనామెల్ నేరుగా వేస్తే, రంగులోని నూనె ఆమ్లాలు జింకుతో కలిసి సబ్బు లాంటి పొర ఏర్పడి రంగు తొక్కలా ఊడివస్తుంది. ఆ రేకును వెనిగర్‌తో తుడిచి కడిగి, జింకుకు సరిపడే ప్రైమరు వేయాలి. అల్యూమినియం సంగతి వేరు. దాని మీద గాలి తగిలిన వెంటనే ఏర్పడే ఆక్సైడు పొర పలచగా, గట్టిగా, ఊడకుండా ఉండి అడుగునున్న లోహాన్ని కాపాడుతుంది. ఇనుము మీద పుట్టే ఆక్సైడు తినేస్తే, అల్యూమినియం మీద పుట్టే ఆక్సైడు రక్షిస్తుంది.

ఇనుములోనూ అపురూపమైన మినహాయింపు ఉంది. ఢిల్లీలో కుతుబ్ మినార్ ప్రాంగణంలో నిలిచిన ఇనుప స్తంభం విష్ణుధ్వజంగా ఎత్తినదని దాని శాసనం చెబుతుంది. అందులోని చంద్రుడనే రాజు రెండో చంద్రగుప్తుడని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. సుమారు 1,600 ఏళ్లుగా ఎండకూ వానకూ నిలబడినా దానికి పెద్దగా తుప్పు పట్టలేదు. కాన్పూర్ ఐఐటీకి చెందిన ఆర్. బాలసుబ్రహ్మణ్యం దీన్ని లోతుగా పరిశోధించారు. ఆ ఇనుములో భాస్వరం ఇప్పటి ఉక్కులో కన్నా చాలా ఎక్కువ. దానివల్ల లోహం మీద ఫాస్ఫేటు రక్షణ పొర ఏర్పడిందని ఆయన తేల్చారు. ఏ పూతా పూయని ఆ స్తంభం కూడా నగ్నలోహం కాదన్నమాట. తనలోంచే పుట్టిన పొరను కప్పుకుని అది నిలిచింది. ఆవరణమంతా దోషమే అనే వాదానికి ఈ స్తంభం దగ్గరే అడ్డు తగులుతుంది.

ఉపనిషత్తులు, గీత ఎక్కువగా తీసివేత పక్షాన మాట్లాడతాయి. శ్వేతాశ్వతరోపనిషత్తు రెండో అధ్యాయం మట్టి పూసుకుపోయిన లోహబింబం బాగా కడిగితే తేజస్సుతో వెలిగినట్టు, ఆత్మతత్త్వాన్ని చూసినవాడు శోకం లేనివాడవుతాడని చెబుతుంది. భగవద్గీత మూడో అధ్యాయంలో కామం జ్ఞానాన్ని కప్పే తీరుకు ధూళి పట్టిన అద్దం ఒక పోలిక. ఈ మాటల వెనక ఉన్నది గాజు అద్దం కాదనీ, మెరుగు పెట్టిన లోహపు అద్దమనీ గుర్తుంచుకుంటే పోలికలోని బలం తెలుస్తుంది. అలాంటి అద్దం వాడకపోతే మసకబారుతుంది, రుద్దితే మళ్లీ ముఖం చూపుతుంది.

శంకరాచార్యులు ఈ పోలికను చాలా జాగ్రత్తగా పట్టుకున్నారు. బ్రహ్మసూత్రాల సమన్వయాధికరణ భాష్యంలో మోక్షం కర్మ ఫలమా అన్న చర్చ వస్తుంది. కర్మతో సాధించదగినవి నాలుగే: ఉత్పత్తి చేయదగినది, మార్చదగినది, పొందదగినది, సంస్కరించదగినది. మోక్షం వీటిలో దేనిలోనూ ఇమడదని ఆయన వాదం. అద్దాన్ని రుద్దితే దాని మెరుపు బయటపడినట్టు, మరుగున పడిన ఆత్మధర్మం కర్మ వల్ల వ్యక్తమవుతుందనవచ్చు కదా అని పూర్వపక్షం లేస్తుంది. ఆత్మ ఏ క్రియకూ ఆశ్రయం కాజాలదు, దాన్ని రుద్దే చెయ్యే లేదు అని సమాధానం. ఇక్కడ తీసివేత, చేర్పు రెండింటినీ ఒకే గాటన కడుతున్నారన్నది చాలామంది దృష్టికి రాదు. మెరుగు పెట్టినంత మాత్రాన అద్దం సత్యానికి దగ్గరవదు, రంగు పూసినంత మాత్రాన పెట్టె దూరమూ కాదు. రెండూ వ్యవహారంలోని పనులే.

చేర్చిన రంగు ఎలాంటి వస్తువు? ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు మట్టి ముద్ద, బంగారం, గోళ్లు కత్తిరించే ఇనుప పనిముట్టు ఉదాహరణలుగా చెబుతాడు. ఒక్క బంగారాన్ని తెలుసుకుంటే బంగారు వస్తువులన్నీ తెలిసినట్టే, మిగిలినవి నామరూపాలు. అద్వైతులు దీన్ని నామరూపాల మిథ్యాత్వానికి ప్రమాణంగా తీసుకున్నారు. రామానుజులు కార్యమంటే కారణం పొందిన నిజమైన మరో అవస్థ అన్నారు. అయితే ఇద్దరూ మాట్లాడేది ఆ లోహమే పొందే ఆకారం గురించి. నగగా మారిన బంగారంలో నగ అంతా బంగారమే. పెట్టె మీద పూసిన ఎరుపులో ఇనుము రవ్వ కూడా లేదు. అందుకే రంగు ప్రశ్న నగ ప్రశ్న కన్నా కఠినమైనది. దాన్ని విప్పడానికి న్యాయశాస్త్రం ఎక్కువగా తోడ్పడుతుంది. నైయాయికుల లెక్కలో ఎరుపు ఒక గుణం. అది పెయింటు అనే ద్రవ్యంలో సమవాయ సంబంధంతో, అంటే విడదీయరాని సంబంధంతో, ఉంది. పెయింటుకూ ఇనుముకూ ఉన్నది సంయోగం మాత్రమే, విభాగం కలిగితే పోయే సంబంధం. కాబట్టి ఎర్ర పెట్టె అన్న మాట పరంపరా సంబంధంతో నిజం. ఇనుమే ఎర్రనిది అనుకుంటే భ్రమ. తప్పు ఉంటే చూసేవాడి నిర్ణయంలో ఉంటుంది, పూతలో కాదు.

17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో మరో ఆశ్చర్యకరమైన మాట ఉంది. బంగారం పృథివీ ద్రవ్యం కాదు, తేజోద్రవ్యం. ఎంత కాల్చినా దాని ద్రవత్వం నశించకపోవడం ఇందుకు హేతువుగా, దానికి తానే రాసిన దీపిక వ్యాఖ్యలో చర్చిస్తాడు. మరి పసుపు రంగూ బరువూ ఎక్కడివి? అందులో కలిసిన పృథివీ భాగాలవి. బంగారానికి సొంతమైన తెల్లటి ప్రకాశాన్ని ఆ పసుపు అణచివేసింది. ఈ సిద్ధాంతం ఇప్పటి రసాయనశాస్త్రానికి నిలవదు. తత్త్వపరంగా మాత్రం విలువైనది. లోకం బంగారపు సహజ వర్ణంగా మెచ్చుకునేది కూడా తార్కికుడి కళ్లకు బయటి నుంచి వచ్చిన రంగే. సొంత రంగుకూ పూసిన రంగుకూ మధ్య మనం గీసే గీత అంత గట్టిది కాదు.

ఆ గీతను పూర్తిగా చెరిపేసే చేతిపని దక్కనులోనే ఉంది. బిద్రీలో జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపిన లోహాన్ని పోతపోసి, దాని మీద చెక్కిన గాట్లలో వెండి పొదుగుతారు. బీదరు కోట మట్టిని నవాసారం కలిపిన నీటితో వేడివేడిగా తగిలిస్తే లోహం గాఢమైన నలుపు తిరుగుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. ఇక్కడ నలుపు పూత కాదు. లోహపు ఉపరితలమే నలుపుగా మారింది. ఇలాంటిదే మరొకటి తుప్పు మీద పూసే కన్వర్టర్. అందులోని టానిక్ ఆమ్లం తుప్పును నీలినల్లని, గట్టి టానేటుగా మారుస్తుంది; రంగు దాని మీద నిలుస్తుంది. శ్రీకాళహస్తి, పెడన కలంకారీ పనివారికి ఈ నలుపు పాత చుట్టం. కరక్కాయ రసంలో తడిపిన బట్ట మీద, బెల్లపు నీళ్లలో ఇనుప ముక్కలు నానబెట్టి తీసిన ద్రవంతో గీస్తే వచ్చే నల్ల గీతలో జరిగేది అదే చర్య. ఇందులో దోషాన్ని తీసివేయడమూ లేదు, దోషం మీద కప్పడమూ లేదు. దోషమే గుణంగా మారింది. సంస్కారాన్ని రెండుగా విడదీసిన లెక్కకు ఇది లొంగదు. శంకరులు చెప్పిన నాలుగింటిలో దీన్ని మార్చదగినది, అంటే వికార్యం, అన్నదాని కింద పెట్టాలి.

సూఫీ సంప్రదాయంలో తీసివేతకూ చేర్పుకూ నేరుగా పందెం పెట్టిన కథ ఉంది. 1111లో మరణించిన గజాలీ దీన్ని చెప్పాడు. 13వ శతాబ్దంలో జలాలుద్దీన్ రూమీ మస్నవీ మొదటి సంపుటంలో పాత్రలను తారుమారు చేసి మళ్లీ చెప్పాడు. రూమీ కథనంలో చైనా చిత్రకారులు తమ గోడను రకరకాల రంగులతో నింపారు. ఎదుటి గోడ దక్కిన రూమ్ దేశీయులు ఒక్క రంగూ అడగకుండా దాన్ని మెరుగు పెట్టడమే పనిగా పెట్టుకున్నారు. మధ్యనున్న తెర తీయగానే ఆ చిత్రాలు నునుపు గోడలో ఇంకా అందంగా కనిపించాయి. హృదయానికి పట్టిన తుప్పు అనే భావన ఖురాన్ 83వ సూరాలోనే ఉంది కాబట్టి మెరుగు పెట్టినవారినే గెలిపించడం ఆ సంప్రదాయానికి సహజం. అయితే కథను నిలిపి చూస్తే మరో సంగతి తోస్తుంది. చైనావారు రంగులు వేయకపోతే ఎదుటి గోడలో కనబడటానికి ఏముంది? మెరుగు గెలిచింది రంగు ఉన్నందువల్లనే.

పైగా మెరుగు పెట్టడం పూర్తిగా నిర్దోషమైన పని కాదు. చింతపండులోని ఆమ్లం ఇత్తడి మీది చిలుమును కరిగిస్తుంది. ఆ చిలుము నిన్నటిదాకా ఇత్తడే. ప్రతి తోముడుకూ వస్తువు కొంచెం అరుగుతుంది. తరాలపాటు శుక్రవారం శుక్రవారం తోమిన పూజగది విగ్రహాల్లో కళ్లూ ముక్కూ చెదిరి నున్నబడిపోవడం చాలా ఇళ్లలో కనబడేదే. తీసివేత సొంతదాన్ని బయటపెడుతుందనీ, చేర్పు మాత్రమే వస్తువును మారుస్తుందనీ అనుకోవడం ఇక్కడ పొసగదు.

ఆవరణాన్ని నిందించే మాటల్లో బలమైనది ఈశావాస్యోపనిషత్తులో ఉంది: సత్యపు ముఖాన్ని బంగారు పాత్ర కప్పి ఉందని, దాన్ని తొలగించమని పూషుణ్ని వేడుకోవడం. కప్పింది మట్టిమూత కాదు, కళ్లు మిరుమిట్లు గొలిపే బంగారం. అందం అడ్డుగా నిలవగలదన్న హెచ్చరిక ఇది, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దీనికి ఎదురుగా సింహాచలాన్ని పెట్టి చూడవచ్చు. అక్కడి వరాహ నరసింహస్వామి ఏడాది పొడవునా చందనం పూతలో ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు వెండి బొరిగెలతో ఆ చందనాన్ని ఒలిచి నిజరూప దర్శనం ఇప్పిస్తారు. ఆ రాత్రి నుంచి నాలుగు విడతలుగా మళ్లీ పూస్తారు. ఒక్కరోజు కనబడేదాన్ని నిజరూపం అంటున్నా, మిగతా రోజుల మొక్కులు అబద్ధానికి మొక్కినవని ఏ భక్తుడూ అనుకోడు. లోపల ఏముందో తెలిసి, పూత పూతేనని తెలిసి చేసే అలంకారం అది. ఆవరణానికీ అలంకారానికీ తేడా ఆ తెలివిడిలో ఉంది. తుప్పును దాచడానికి దాని మీద పూసిన ఎనామెల్ బంగారు పాత్ర కోవలోకి వస్తుంది; శుద్ధి చేసిన ఇనుము మీద అదే ఎనామెల్ అలంకారం.

ఇంట్లో ఏ లోహానికి రంగు వేయవచ్చు, దేనికి కూడదు అన్నదీ ఈ చూపుతోనే తేలుతుంది. అభిషేకం అందుకునే పంచలోహ, ఇత్తడి, వెండి విగ్రహాలకు పెయింటు వేయకూడదు. నీళ్లు, పాలు, తేనె తగిలేది లోహానికే కావాలి. పెయింటు వాటితో కలిసి తీర్థంలో చేరుతుంది. చిత్రపటానికి నేరుగా అభిషేకం చేయకుండా ఎదుట అద్దం పెట్టి ప్రతిబింబానికి చేసే ఆచారం రంగుకూ నీటికీ ఉన్న ఈ వైరాన్ని గుర్తించినదే. కలశపు చెంబుకు లోపలి వైపు, పంచపాత్రకు, ఉద్ధరిణికి, నైవేద్యం పెట్టే గిన్నెలకు రంగు పనికిరాదు. దీపపు కుందిలో వత్తి దగ్గర వేసిన రంగు కాలి పొగ వస్తుంది. కలశానికి బయట పసుపు, కుంకుమ, గంధం అద్దడం శాస్త్రీయమైన గుణాధానం. పూజ కాగానే కడిగితే పోతుంది. హారతి పళ్లెం వెలుపలి అంచు, పూల బుట్ట, తులసి డబ్బా, పూజ సామాను దాచే పెట్టె నిశ్చింతగా రంగు వేయదగినవి. వీటికి ప్రైమరు మీద రెండు పలచటి పూతలు, ఒకటి పూర్తిగా ఆరాకే రెండోది, వేయాలి. ఒకే మందపాటి పూత పైన ఆరి లోపల మెత్తగా ఉండి ముడతలు పడుతుంది. ముగ్గు గీతలు ఆరిన రంగు మీద సన్న కుంచెతో దించి, చివర వార్నిషు వేస్తే ఎండకు తట్టుకుంటాయి.

వేసిన రంగు శాశ్వతం కాదు; సంయోగం కాబట్టి విభాగం తప్పదు. ఆగమాలు జీర్ణోద్ధరణకు ఒక క్రమం చెప్పాయి. బింబాన్ని బాగుచేయవలసి వస్తే ముందు అందులోని దైవశక్తిని కుంభంలోకో బాలబింబంలోకో ఆవాహన చేస్తారు. అప్పుడు శిల్పి ఆ లోహాన్ని లోహంగానే చూసి పని చేయగలుగుతాడు. పని ముగిశాక సంప్రోక్షణతో శక్తిని తిరిగి నెలకొల్పుతారు. పెట్టెకూ డబ్బాకూ ఆ తంతు అక్కర్లేదు గానీ పని వరస మాత్రం అదే. పెచ్చు ఊడిన చోట పైపైన రంగు అద్దకుండా, చుట్టూ పట్టు వదిలిన రంగును కూడా గీకి, అంచును వాలుగా రుద్ది, ఇనుము కనబడేదాకా శుభ్రం చేసి, ప్రైమరు వేశాకే మళ్లీ ముగ్గు దిద్దాలి.